బార్బడోస్ వెళ్తే న్యూటన్ బానిసల శ్మశానానికి ఒక పూట ఉంచుకోండి

బార్బడోస్‌లో బస కోసం పశ్చిమ తీరం జోలికి వెళ్లకండి, మనలాంటి వాళ్ల బడ్జెట్‌కి అందదు. దక్షిణాన వర్తింగ్ వైపు గెస్ట్‌హౌస్‌లు నయం. మాకు దొరికిన గది శుభ్రంగానే ఉంది గానీ, వేడినీళ్లు వాటికి బుద్ధి పుట్టినప్పుడే వచ్చేవి. తిరగడానికి జెడ్‌ఆర్ అనే షేర్ వ్యాన్లు చవక. పాటల మోతకి మాత్రం చెవులు గింగురుమంటాయి.

టూరిస్టులంతా వెళ్లేది సెయింట్ నికొలస్ ఆబీకి. 1650ల నాటి చెరకు తోట దొరల బంగళా. టికెట్ ఖరీదే అయినా డబ్బు దండగ కాదు. 1930ల్లో తీసిన ఫిల్మ్‌లో చెరకు కోత, గాలిమర చూపిస్తారు, రమ్ము రుచి చూపిస్తారు. మా గైడ్ పంచదార గురించి నోరూరేలా చెప్పి, చెరకు నరికినవాళ్ల సంగతి రెండు ముక్కల్లో తేల్చేశాడు.

అసలు కథ అక్కడే ఉంది. ఇంగ్లీషువాళ్లు 1627లో వచ్చి స్థిరపడ్డారు. పొగాకు, పత్తి వేసి, 1640ల్లో చెరకుకి మారాక వాళ్ల దశ తిరిగింది. నరికిన చెరకుని వెంటనే గానుగాడకపోతే రసం పులిసిపోతుంది. అందుకే కోతల కాలంలో రాత్రింబవళ్లు చాకిరీ, దానికి ఆఫ్రికా నుంచి కొని తెచ్చిన మనుషులు. వాళ్లని అదుపులో పెట్టే చట్టం 1661లో ఇక్కడ రాస్తే, జమైకా దాన్ని నకలు చేసుకుంది. 1834లో బానిసత్వం రద్దయినప్పుడు బ్రిటన్ తన వలస రాజ్యాలన్నిటికీ కలిపి 2 కోట్ల పౌండ్ల పరిహారం ఇచ్చింది, అదీ యజమానులకి! విడుదలైనవాళ్లకి పైసా రాలేదు సరికదా, 1838 దాకా ‘అప్రెంటిస్’ పేరుతో అదే పని.

ఆ మనుషుల జాడ కావాలంటే దక్షిణ తీరంలోని ఆయిస్టిన్స్ ఊరి దగ్గర్లో న్యూటన్ అనే పాత చెరకు తోటకి వెళ్లాలి. గడ్డి నేల కింద సుమారు 570 మంది బానిసల సమాధులు, ఒక్కదాని మీదా పేరు లేదు. 1970ల తవ్వకాల్లో ఒకాయన అస్థిపంజరంతో పాటు దండ బయటపడింది: గవ్వలు, కుక్క కోరలు, చేప వెన్నుపూసలు, గాజుపూసలు, ఒక ఎర్రరాతి పూస. ఆ పూస మన గుజరాత్‌లోని ఖంభాత్‌ది కావచ్చని పరిశోధకుల అంచనా. ఎన్ని చేతులు మారి ఆ మెడలోకి చేరిందో! ఎండ ఎక్కువ, నీళ్లు పట్టుకెళ్లండి.

రాజధాని బ్రిడ్జ్‌టౌన్ చౌరస్తాలో బ్రిటిష్ నౌకాదళ సేనాని నెల్సన్ విగ్రహాన్ని 2020లోనే తీసేశారు, దానికోసం ప్రత్యేకంగా వెళ్లక్కర్లేదు. న్యూటన్ శుక్రవారం పెట్టుకుంటే రాత్రికి ఆయిస్టిన్స్‌లో కాల్చిన చేప తినొచ్చు. శాకాహారులకి మాత్రం చీజ్ వేసి కాల్చే ‘మకరోనీ పై’ ఒక్కటే దిక్కు.