ఒక్క వెంటిలేటర్, ఇద్దరు రోగులు: ఎవరికివ్వడం న్యాయం?

ముందొచ్చినవాళ్లకి ముందివ్వడం, బతికే అవకాశం ఎక్కువున్నవాళ్లకివ్వడం, లాటరీ తీయడం. ఉన్న దారులు ముఖ్యంగా ఈ మూడే.

మొదటిది వినడానికి న్యాయంగా ఉంటుంది. కానీ ఆసుపత్రులు నిండిపోయిన రోజుల్లో ముందు వచ్చేదెవరు? ఇల్లు దగ్గరున్నవాళ్లు, కారున్నవాళ్లు, లోపల తెలిసినవాళ్లున్నవాళ్లు. అంబులెన్స్ దొరక్క గంట ఆలస్యమైన మనిషి ఏం పాపం చేశాడు? నేనైతే దీన్ని ఒప్పుకోను.

రెండోదే మేలు, కాకపోతే దేన్ని కొలుస్తున్నామన్నది చాలా ముఖ్యం. న్యూయార్క్ రాష్ట్రం 2015లో రాసుకున్న వెంటిలేటర్ల మార్గదర్శకాల్లో సోఫా స్కోర్ వాడమన్నారు, అంటే ఒంట్లో ముఖ్యమైనవి ఎంత దెబ్బతిన్నాయో చెప్పే లెక్క. ఊపిరితిత్తులు, గుండె, కాలేయం, కిడ్నీలు, మెదడు, రక్తం గడ్డకట్టే తీరు, ఒక్కోదానికి 0 నుంచి 4 పాయింట్లు, మొత్తం 24, ఎంత ఎక్కువైతే అంత ప్రమాదం. ఇందులోనూ లోపముంది: ఏళ్ల తరబడి కిడ్నీ జబ్బుతో నెట్టుకొస్తున్నవాళ్లకి క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చూపే రక్తపరీక్ష అంకె) ఎప్పుడూ ఎక్కువే కాబట్టి, ఇప్పుడొచ్చిన జబ్బుతో సంబంధం లేకుండానే పాయింట్లు పెరిగిపోతాయి. అయినా ఇది ఒంటిని కొలుస్తుంది, మనిషి విలువని కాదు. 1960ల మొదట్లో అమెరికాలోని సియాటిల్‌లో డయాలసిస్ మెషిన్లు చాలనప్పుడు ఎవరికివ్వాలో తేల్చడానికి ఓ కమిటీ వేస్తే, వాళ్లు రోగి ఆదాయం, చదువు, ఉద్యోగం, పెళ్లి, పిల్లలు అన్నీ చూశారు. ఉద్యోగం లేనివాడి ప్రాణం తక్కువా? ఇది తలుచుకుంటే ఇప్పటికీ కోపమొస్తుంది.

ఇక లాటరీ. దాన్నే మొదటి దారిగా పెట్టుకుంటే బతికే ఆశ దాదాపు లేని మనిషికి మెషిన్ వెళ్లి, బతకాల్సిన మనిషి పోవచ్చు. కానీ సోఫా స్కోర్ 8కీ 9కీ మధ్య తేడా చూసి ప్రాణాలు తేల్చడమూ తప్పే. దగ్గరదగ్గర స్కోర్లున్నవాళ్లని ఒకే గుంపుగా చూసి, ఆ గుంపులో లాటరీ తీయాలి. డబ్బుకీ పలుకుబడికీ అక్కడ పనుండదు.

ఏ పద్ధతైనా ఆ నిర్ణయం మంచం పక్కనున్న డాక్టర్ మీద పెట్టకూడదు. న్యూయార్క్ వాళ్లూ దాన్ని వేరే అధికారికో కమిటీకో అప్పగించమన్నారు, అప్పుడే సొంత డాక్టర్ చివరిదాకా తన రోగి తరఫున కొట్లాడగలడు. అన్నిటికన్నా కష్టమైంది, ఒకరికి పెట్టిన వెంటిలేటర్ తీసి ఇంకొకరికివ్వడం. 48 గంటలకి, మళ్లీ 120 గంటలకి పరిస్థితి చూడాలనీ, మెరుగు లేకపోతే తీసేయొచ్చనీ న్యూయార్క్ మార్గదర్శకాల్లో ఉంది. అది నేను ఒప్పుకుంటాను, కానీ ట్యూబ్ వేసే ముందే ఇంటివాళ్లకి ఆ మాట చెప్పి తీరాలి, తీశాక ఆయాసం తెలియకుండా మందులివ్వడం ఆపకూడదు.