అయిదు బోల్టుల ఫొటో: మా ఏరియా గ్యారేజీకి నా రివ్యూ

మియాపూర్ వైపు ఉన్న ఒక మల్టీబ్రాండ్ గ్యారేజీ గురించి రాస్తున్నాను. పేరు రాయట్లేదు, రేపు వాళ్ల మేనేజర్ ఫోన్ చేసి "తీసేయండి సార్" అని బతిమాలడం, నేను మొహమాటపడటం, ఆ గోల నాకొద్దు.

బండి 2017 స్విఫ్ట్, పెట్రోల్, 62 వేల కిలోమీటర్లు తిరిగింది. సర్వీస్ టైమ్ దాటిపోయింది, పైగా వారం నుంచి ముందు ఎడమ చక్రం దగ్గర కీచుమని ఒకటే సౌండ్. ఫోన్లో అడిగితే ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్ క్లీనింగ్, వాటర్ వాష్ అన్నీ కలిపి 4,200 అన్నారు, సౌండ్ సంగతి బండి చూసి చెప్తామన్నారు. పొద్దున్నే చెప్పిన టైమ్‌కి కుర్రాడొచ్చి బండి తీసుకెళ్లాడు.

మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నానో లేదో ఫోన్. "సార్, ముందు డిస్కులు, ప్యాడ్లు మొత్తం పోయాయి, సస్పెన్షన్‌లో లింక్ రాడ్లు లూజై కొడుతున్నాయి, ఇంజిన్ ఫ్లష్, ఇంజెక్టర్ క్లీనింగ్, థ్రాటిల్ బాడీ, ఏసీ క్లీనింగ్... మొత్తం 23,800 అవుతుంది, ఓకే అంటే సాయంత్రానికి రెడీ." నేను నీళ్లు నములుతుంటే ఇంకో మాట వేశాడు: "ఫ్యామిలీతో తిరిగే బండి కదా సార్, బ్రేకుల దగ్గర రిస్క్ ఎందుకు?" ఆ ఒక్క మాటకే సగం మంది ఓకే అనేస్తారు. నేనూ అనేసేవాడినే, కాకపోతే అతనే అత్యుత్సాహంతో ప్రూఫ్ అంటూ వాట్సాప్‌లో ఫొటో పంపాడు.

ఫొటోలో చక్రం విప్పేసి ఉంది, ప్యాడ్ అరిగిపోయి వెనక రేకు కనిపిస్తోంది, డిస్క్ నిండా గాట్లు. నిజంగానే భయమేసింది. రెండోసారి జూమ్ చేసి చూస్తే హబ్‌కి అయిదు బోల్టులున్నాయి. నా బండికి నాలుగే! పోయిన నెలే పంక్చరైతే నడిరోడ్డు మీద చెమటలు కక్కుతూ నేనే స్టెప్నీ మార్చాను, ఎన్ని బోల్టులు విప్పానో నాకు తెలియదా.

అన్నం సగంలో వదిలేసి వెళ్లాను. బండి ఓ మూల చెట్టు నీడలో ఉంది, వీల్ క్యాపుల మీద ఎండిన బురద అలాగే ఉంది, అంటే చక్రం మీద చెయ్యి కూడా వేయలేదు. నా ముందు విప్పండి అంటే కస్టమర్లు లోపలికి రాకూడదు, రూల్ అన్నారు. పది నిమిషాలు గొంతు చించుకున్నాక విప్పారు. ప్యాడ్ ఆరేడు మిల్లీమీటర్లు సుబ్బరంగా ఉంది. రెండు మూడు మిల్లీమీటర్లకి వచ్చినప్పుడు మార్చుకునే వస్తువది. "పొరపాటున వేరే బండి ఫొటో వచ్చింది సార్" అన్నాడు, కళ్లు సెల్‌ఫోన్‌లో పెట్టుకుని. మరి సౌండెందుకొస్తోంది అంటే, నడుపుతుంటే అదే పోతుందట.

థ్రాటిల్ బాడీ క్లీనింగ్ లాంటివన్నీ మోసమే అని నేననను, సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఊగుతూ ఆగిపోయే బండికి అది అవసరమే. బాగా నడుస్తున్న బండికి "ఎందుకైనా మంచిది" అంటూ చేసేదే జేబుకి చిల్లు.

సరే, ఆయిల్ సర్వీస్ ఒక్కటే చేయమన్నాను. బిల్లు 5,350 వచ్చింది. నాలుగు లీటర్ల ఆయిల్ వేశారట, "కన్స్యూమబుల్స్" అని ఇంకో 380. మాన్యువల్ తీసి చూపించాను, ఫిల్టర్‌తో కలిపినా ఈ ఇంజిన్ తాగేది మూడు లీటర్ల చిల్లరే. మరి మిగిలింది ఏదీ అంటే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాలుగు లీటర్ల డబ్బాకి డబ్బు కట్టినప్పుడు అడుగున మిగిలిన ఆయిల్ మనదేనండీ, సిగ్గుపడకుండా అడిగి డిక్కీలో వేసుకోండి. ఇంకో విచిత్రం, బిల్లు మీద 18 శాతం జీఎస్టీ ఉంది కానీ జీఎస్టీ నంబర్ లేదు, ఉత్త కచ్చా బిల్లు. ఆ నంబర్‌లో 15 అక్షరాలుంటాయి, తెలంగాణదైతే 36తో, ఏపీదైతే 37తో మొదలవుతుంది, జీఎస్టీ సైట్లో కొడితే ఎవరి పేరున ఉందో కనిపిస్తుంది. స్పేర్ పార్టుల మీద 28 శాతం వేసే రోజులు కూడా పోయాయి, 2025 సెప్టెంబర్ 22 నుంచి వాటికీ 18 శాతమే. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఇక్కడి నుంచే ఫోన్ చేస్తానన్నాక, నంబర్‌తో సహా కొత్త బిల్లు వచ్చింది, 4,300కి.

వెళ్లబోతుంటే ఇంకో ఆఫర్. బంపర్ మీద గీత పడింది కదా, ఇన్సూరెన్స్‌లో పెట్టేద్దాం సార్, మీకు పైసా ఖర్చుండదు అన్నాడు. నాకు 50 శాతం నో క్లెయిమ్ బోనస్, అంటే ప్రీమియంలో తగ్గింపు ఉంది, క్లెయిమ్ లేకుండా అయిదేళ్లు నడిపితే వచ్చింది. ఆ గీత కోసం క్లెయిమ్ చేస్తే రెన్యువల్‌లో అది సున్నా అయిపోతుంది, ఓన్ డ్యామేజ్ (మన బండికి అయ్యే డ్యామేజీకి కట్టే) ప్రీమియం ఒక్కసారిగా పెరుగుతుంది. పెయింట్ డబ్బులు వాళ్లకి, ప్రీమియం నాకు!

ఆ తర్వాతి ఆదివారం విజయవాడ, పటమటలో మా బాబాయ్ వాళ్లింటికి వెళ్లాం. కీచుమంటూనే వెళ్లాం. బాబాయ్ ఆటోనగర్‌లో తనకి తెలిసిన మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాడు. ఏసీ లేదు, కాఫీ మెషీన్ లేదు, కూర్చోడానికి పాత లారీ సీటు. ఆయన చక్రం విప్పి, డిస్క్ వెనకుండే రేకుని స్క్రూడ్రైవర్‌తో కొంచెం వంచితే, శనగగింజంత కంకర రాయి టక్కున కింద పడింది. డిస్క్‌కీ రేకుకీ మధ్య ఇరుక్కుని అదే అరిచింది ఇన్నాళ్లూ. "లింక్ రాడ్లు కూడా చూడండి" అంటే పట్టుకుని ఊపి, బాగానే ఉన్నాయండీ, ఇంకో పది వేలు తిరిగాక రండి అన్నాడు. 200 తీసుకున్నాడు. పక్కన ఇంకో బండికి ప్యాడ్లు మారుస్తున్నారు, కొత్త డబ్బా సీలు ఓనర్‌తోనే తీయించి, దాని మీద ఎంఆర్‌పీ చూపించి, పాత ప్యాడ్లు కవర్లో కట్టి చేతిలో పెట్టారు. ఇప్పుడు నేనూ బండి అప్పగించేటప్పుడే పాత పార్టులు డిక్కీలో ఉండాలని జాబ్ కార్డు (చేయాల్సిన పనులు రాసే కాగితం) మీద రాయిస్తున్నాను.

మియాపూర్ వాళ్లకి రెండు స్టార్లు, వాటర్ వాష్ మాత్రం నిజంగా బాగా చేశారు. నిన్న మళ్లీ వాళ్ల మెసేజ్: మీ బ్రేక్ పని పెండింగ్‌లో ఉంది, ఈ వారం 15 శాతం డిస్కౌంట్ అని. కింద అదే ఫొటో, అయిదు బోల్టులది.