రికార్డ్ 05 చిత్రిక: పాత ఇనుము కొట్లో దొరికింది, చాలాకాలం వాడాక రాస్తున్నా

చెక్కని నునుపు పట్టే పాత చిత్రికల గురించి ఎవరిని కదిపినా ముందు బ్లేడు ఉక్కు గురించి చెబుతారు, తర్వాత బరువు గురించి. రెండూ నిజమే. నాకు మాత్రం ఈ రికార్డ్ బ్రాండు 05 నంబరు చిత్రిక మీద ఇంత ఇష్టం ఏర్పడటానికి కారణం బ్లేడు మీద కూర్చునే పై రేకు. ఇది ఒకే ముక్క కాదు, రెండు. దాని మీద 'స్టే-సెట్' అని గుద్ది ఉంటుంది. ఇంగ్లండ్‌లో షెఫీల్డ్‌లోని సి అండ్ జె హాంప్టన్ కంపెనీ 1931లో రికార్డ్ చిత్రికలు మొదలుపెట్టింది. వాటిలో ఈ రెండు ముక్కల రేకు ఉన్న రకాన్ని ఎస్.ఎస్. అంటారు. నా దగ్గరున్నది అదే.

మామూలు ఇనుప చిత్రిక వాడినవాళ్ళకి ఈ బాధ తెలుసు. మొన పోయిందంటే బ్లేడు బయటికి తీయాలి, పై రేకు స్క్రూ వదులు చెయ్యాలి, రేకుని వెనక్కి జరిపి అడ్డంగా తిప్పి విడదీయాలి. సాన పట్టాక మళ్ళీ బిగించేటప్పుడు రేకు అంచుకీ బ్లేడు అంచుకీ మధ్య దూరాన్ని కళ్ళు చికిలించి సరిచూసుకోవాలి. తీరా స్క్రూ చివరి తిప్పులో రేకు కాస్త జరుగుతుంది. మళ్ళీ వదులు చెయ్యి, మళ్ళీ బిగించు. స్టే-సెట్‌లో ఆ గొడవ లేదు. వెనక ముక్క స్క్రూతో బ్లేడుకి బిగిసే ఉంటుంది. ముందు ముక్క దాని గాడిలో ఊరికే కూర్చుంటుంది, వేలితో ఎత్తితే వచ్చేస్తుంది. బ్లేడు సాన పట్టి, తుడిచి, ముక్కని గాడిలో పెడితే మళ్ళీ పాత దూరమే. స్క్రూడ్రైవర్‌తో పనే లేదు.

ఇంత చిన్న సౌకర్యానికి ఇంత సంబరమెందుకంటే, నేను పట్టేది పనస చెక్క. మాది ఉద్దానం. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కొబ్బరి, జీడి, పనస చెట్లు లెక్కలేనన్ని నేలకూలాయి. మా తోటలో పడిన పనస మానులు కట్టెలకి ఇచ్చేయడానికి మనసొప్పక, పలకలు కోయించి నీడన ఆరబెట్టాం. పీటలు, పూజా మందిరం, పుస్తకాల అల్మారా, అన్నీ వాటితోనే చేశాను. పనస రంగు చూడముచ్చటగా ఉంటుంది. కోసినప్పుడు పచ్చగా, గాలీ వెలుతురూ తగిలేకొద్దీ ముదురు గోధుమరంగులోకి తిరుగుతుంది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు తొలిచేది పనస మానులోనే. చిత్రిక కింద మాత్రం అది మొండి చెక్క. నార ఒక పట్టీ ఇటు, పక్క పట్టీ అటు తిరిగి ఉంటుంది. ఎటునుంచి తోసినా ఎక్కడో ఒకచోట ఎదురు నారే తగిలి పెచ్చు లేచిపోతుంది. దీనికి ఉపాయం, పై రేకుని బ్లేడు అంచుకి బాగా దగ్గరగా, అర మిల్లీమీటరు లోపే పెట్టడం. అప్పుడు లేచిన పొర లోతుగా చీలకముందే రేకుకి తగిలి విరుగుతుంది. కుదిరిందో లేదో పొట్టు చూస్తే తెలిసిపోతుంది: చుట్టలు చుట్టుకోవడం మానేసి రిబ్బనులా నిటారుగా పైకి వస్తుంది. ఆ దూరం ఒకసారి కుదిరాక సాన పట్టిన ప్రతిసారీ చెడగొట్టుకోవడం ఎవరికి మాత్రం ఇష్టం? మందిరం తలుపులు పట్టేటప్పుడు పొద్దున ఓసారి, భోజనాలయ్యాక ఓసారి సాన పట్టాల్సి వచ్చేది. ఒక్కసారి కూడా విసుగు రాలేదు.

ఇది దొరికింది విజయనగరంలో, గంటస్తంభం దాటాక ఒక సందులోని పాత ఇనుము కొట్టులో. విదేశాల్లో ఇంటి ముందు బల్లలు వేసుకుని పాత సామాన్లు అమ్ముకుంటారు. మన వైపు పనిముట్టు ఇల్లు వదిలిందంటే తిన్నగా తూకానికే. వేలాలూ ఉన్నాయి. కానీ రైల్వే తుక్కు వేలం ఇప్పుడు ఆన్‌లైన్‌లో, పెద్ద పెద్ద లాట్ల కింద జరుగుతుంది. ఒక్క చిత్రిక కోసం మనలాంటివాళ్ళు పాడుకునేది కాదు. పెద్ద వ్యాపారులు పాడుకున్నది విడిపోయి చిన్న కొట్లకి చేరాకే మన చేతికి అందుతుంది. ఆ కొట్టులోనే బి.ఎన్.ఆర్. అని గుద్దిన సుత్తి కూడా చూశాను. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 1952లో ఈస్టర్న్ రైల్వేలో కలిసిపోయింది కాబట్టి ఆ సుత్తి వయసు డెబ్బై దాటినట్టే.

"ఏటి బాబూ, ఆ తుప్పుముక్క ఏటి సేసుకుంటారు?" అన్నాడు కొట్టాయన. నేను బేరం మొదలుపెట్టగానే, "ఇనుము తూకం ఇనుముదే. ఆ ఇత్తడి మరకి వేరే లెక్క" అన్నాడు. ఇత్తడి మర అంటే బ్లేడుని పైకీ కిందికీ నడిపే చక్రం. అక్కడి కుర్రాడు కటింగ్ ప్లేయర్ తెచ్చి దాన్ని ఊడదీయబోయాడు. ఆ చక్రానిది ఎడమ మర, అందరూ తిప్పే వైపు తిప్పితే ఊడదు. బలవంతం చేస్తే దాని వెనకుండే చీలిక కాళ్ళ పుల్ల విరుగుతుంది. "ఆగు నాయనా, మొత్తం ఇత్తడి లెక్కే వేసుకోండి" అనేశాను. కొట్టాయన నవ్వి, ఆఖరికి ఇనుము లెక్కకే, పైన కొంచెం వేసుకుని ఇచ్చాడు.

పైన తుప్పు చూసి ఎవరూ భయపడక్కర్లేదు. నిమ్మ ఉప్పు నీళ్ళలో నానబెట్టి, రుద్ది, వెంటనే ఆరబెట్టి మిషన్ ఆయిల్ రాస్తే పోతుంది. భయపడాల్సింది రెండింటికి. ఒకటి, బ్లేడు వెనకవైపు అంచు దగ్గర తుప్పు తిన్న గుంటలు. ఎంత సాన పట్టినా అక్కడ మొన నిలవదు. రెండోది, పోత ఇనుములో పగులు. నోరు (బ్లేడు బయటికి వచ్చే సందు) దగ్గర, పక్క గోడల దగ్గర వెతకాలి. బ్లేడూ, దాన్ని పైనుంచి నొక్కి పట్టే కప్పూ తీసేసి, ఒట్టి ఒంటిని వేలాడదీసి చిన్న తాళంచెవితో తట్టాలి. బాగుంటే ఖంగుమంటుంది, పగిలి ఉంటే బొంగురు పోతుంది. శ్రీకాకుళంలో ఒక అమ్మకందారు దగ్గర నల్ల రంగు వేసి మెరిపించిన చిత్రిక చూశాను, ధర వేలల్లో చెప్పాడు. తట్టి చూస్తే గొంతు లేదు. గోరుతో గీకితే నోటి మూల రంగు కింద లప్పం బయటపడింది. తెలియక కొన్నవాడు మొదటిసారి చేజారిస్తే రెండు ముక్కలే. తెలిసి తెలిసి అలా అమ్మడం అన్యాయం. ఆ మాట ఆయన ముఖం మీదే చెప్పాను.

ఇక సంక్రాంతి నాటి సంగతి. పై రేకు ముందు ముక్కని ఏదీ పట్టి ఉంచదని చెప్పాను కదా. పైనున్న కప్పు లేపగానే అది జారి పడుతుంది. భోగి ముందురోజు సాయంత్రం అలాగే జారి పొట్టు కుప్పలో పడింది. దీపం తెచ్చి వెతుకుదామనుకునేలోపే వీధి పిల్లలు భోగి మంటకి పొట్టంతా గోనె సంచిలోకి ఎత్తుకుపోయారు. వెంటనే వెళ్ళి అడిగితే, ఆ సంచి ఇంకో వంద సంచుల కింద ఉంది. తెల్లవారుజామున మంట వేశారు. ఎండ వచ్చాక, బూడిద చల్లారాక, పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతానికి తాడు కట్టి బూడిదంతా ఈడ్చాను. ముందు అన్నీ మేకులే వచ్చాయి, పాత తలుపులవీ గుమ్మాలవీ. ఒక బందు వచ్చింది. చుట్టూ చేరిన పిల్లలు వచ్చిన ప్రతి ముక్కనీ "తాతా, ఇదేనా?" అని చూపిస్తున్నారు. చివరికి వాళ్ళలో ఒక గుంటే కేకేసింది. నల్లగా, అంచున నీలిరంగు తిరిగి, మధ్యలో కాస్త వంగి ఉంది.

అంత మంటలో ఎర్రబడి బూడిదలో మెల్లగా చల్లారిన ఉక్కుకి గట్టిదనం ఉండదు. అది బ్లేడే అయితే మళ్ళీ గట్టిపడేలా కాల్చి నీరు పట్టించాల్సి వచ్చేది. కానీ ఈ ముక్క కోసేది కాదు, పొట్టుని విరిచేది. దానికి కావాల్సింది బ్లేడుకి సందు లేకుండా అతుక్కోవడం. దిమ్మ మీద పెట్టి చెక్క సుత్తితో వంపు తీశాను. అద్దం మీద గరుకు కాగితం అంటించి కింది అంచు తిన్నగా అయ్యేదాకా రుద్దాను. బ్లేడు మీద పెట్టి దీపానికి ఎదురుగా పట్టి చూస్తే వెలుతురు రాలేదు. కనుమ మర్నాడు పనస పలక మీద తోస్తే పొట్టు మళ్ళీ నిటారుగానే లేచింది. ఆ సంతోషం ఇప్పటికీ తగ్గలేదు. అదే ఒంటి ముక్క రేకైతే అసలు జారేదే కాదు, ఆ మాటా చెప్పాలి. ఇప్పుడు కప్పు లేపే ముందు ఆ స్పీకర్ అయస్కాంతాన్ని పక్కన పెట్టుకుంటాను, ముక్క నేరుగా దాని మీదికే వెళ్తుంది.

దూరం ఎప్పటికీ మారదన్నట్టు రాశాను పైన. మారుతుంది. సాన పట్టిన ప్రతిసారీ బ్లేడు కాస్త అరుగుతుంది, రేకు అంచు మొనకి దగ్గరవుతూ వస్తుంది. కొన్ని సానలకోసారి స్క్రూ వదులు చెయ్యక తప్పదు. మా ఊరి సముద్రపు గాలికి ఆ గాడిలో తుప్పు పడుతుంది. వానాకాలంలో తుడవకపోతే ముక్క సరిగ్గా కూర్చోదు. మంటలో పడ్డాక మెత్తబడింది కాబట్టి దాని అంచుకి దెబ్బలూ తొందరగా తగులుతున్నాయి.

నేను రిటైరై ఇంట్లోకి కావాల్సినవి చేసుకుంటున్నవాణ్ణి. ఒక పలకకి పూటంతా పట్టినా నన్ను అడిగేవారు లేరు. రోజు కూలి గిట్టాల్సిన వడ్రంగికి కరెంటు చిత్రికే సరైనది. మా వైపు వడ్రంగులు ఎక్కువగా అదే వాడుతున్నారు, వాళ్ళని తప్పుపట్టలేను. టేకు మాత్రమే పట్టేవాళ్ళకి ఈ రెండు ముక్కల రేకు అవసరమూ అంతగా ఉండదు, మామూలు 05 చాలు. పనస, వేప లాంటి తిరుగుడు నార చెక్క చేతిలో ఉండి, సాన పట్టే ఓపిక ఉన్నవాళ్ళు కొట్లలో వెతకొచ్చు. దొరికితే మాత్రం బేరానికి ముందే కప్పు లేపి, కింద చెయ్యి పట్టి, పై రేకు ముందు ముక్క ఉందో లేదో చూసుకోండి. లేకపోతే మన ఊళ్ళలో అది విడిగా దొరకదు. ఇంగ్లండ్ నుంచి తెప్పించుకుంటే రవాణాకే చిత్రిక ధర కన్నా ఎక్కువవుతుంది.