క్లాసు గ్రూపా, బ్రాడ్‌కాస్ట్ లిస్టా?

జూన్‌లో బడి తెరిచిన దగ్గర్నుంచి కొత్త టీచర్లు నన్ను అడిగేది ఒకటే. "మేడమ్, పేరెంట్స్‌కి వాట్సాప్ గ్రూపు పెడదామా, ఏదైనా యాప్ చూద్దామా?" రెండూ వద్దంటాను. మాది జిల్లా పరిషత్ హైస్కూలు, నా ఎనిమిదో తరగతిలో 41 మంది. రెండేళ్లు గ్రూపు నడిపి, వాట్సాప్‌లోనే ఉండే బ్రాడ్‌కాస్ట్ లిస్టుకి మారాను.

గ్రూపు సుఖం గ్రూపుదే. ఒకసారి పెడితే అందరికీ చేరుతుంది, ఎవరు చూశారో తెలుస్తుంది, ఒక తల్లికి అర్థం కానిది ఇంకో తల్లి చెబుతుంది. గుడ్ మార్నింగ్ పూల గోల పడలేకపోతే అడ్మిన్లు మాత్రమే పంపేలా పెట్టుకోవచ్చు, 2018 నుంచీ ఆ సెట్టింగు ఉంది. నేనూ పెట్టాను. పూలతో పాటు తల్లిదండ్రుల మాటా ఆగిపోయింది. పోనీ తెరిచి ఉంచితే, "మావాడికి లెక్కలు ఎందుకు రావట్లేదు మేడమ్" అని నలభై ఇళ్ల ముందు ఏ తల్లి అడుగుతుంది? నేనే ఒకసారి ఆలోచించకుండా స్లిప్ టెస్టు మార్కుల షీటు ఫొటో తీసి గ్రూపులో వేశాను. అడుగున పేరున్న పిల్లాడు మూడు రోజులు బడికి రాలేదు. పైగా అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి. ఎవరో మెసేజ్‌లు పెడుతున్నారని ఒకామె గ్రూపులోంచే వెళ్లిపోయింది.

బ్రాడ్‌కాస్ట్‌లో నేను ఒక్కసారే పంపుతాను, ఎవరికి వాళ్లకి విడిగా వెళ్తుంది. బదులు నాకొక్కదానికే వస్తుంది. నా లెక్కలో తేల్చేది ఇదే. పోయిన ఫిబ్రవరిలో పరీక్షల గురించి ముప్ఫై సెకన్ల వాయిస్ పెట్టాను. రాత్రి ఎనిమిదికి ఒక తల్లి నుంచి వాయిస్ వచ్చింది. ఆవిడ వేలిముద్ర వేసే మనిషి. వెనకాల కుక్కర్ కూత, దాని మీద గొంతు పెంచి, "మేడమ్, రేపు మిరప కోతలకి పోతన్నాం, పాపని కూడా తీసుకెళ్తన్నాం, ఏమనుకోమాకండి" అంది. వెంటనే ఫోన్ చేశాను. చివరికి పాపని అమ్మమ్మ దగ్గర ఉంచి వెళ్లారు, పరీక్షలు రాసింది. ఆ మాట గ్రూపులో అనేది కాదు.

దీనికీ ఒక మెలిక ఉంది. మన నంబరు వాళ్ల ఫోన్లో సేవ్ అయి ఉండాలి, లేకపోతే మెసేజ్ చేరదు. చేరలేదని మనకి చెప్పేవాళ్లూ ఉండరు. నాకు ఆలస్యంగా తెలిసింది, 13 మందికి అసలు వెళ్లడం లేదని. 2024 డిసెంబరు 7న ఆంధ్రప్రదేశ్ అంతటా మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ జరిగింది కదా, ఆ రోజు వచ్చినవాళ్ల ఫోన్లు ఒక్కొక్కటీ తీసుకుని 'క్లాసు టీచర్' అని నేనే సేవ్ చేశాను. ఇద్దరివి కీప్యాడ్ ఫోన్లు, వాళ్లకి కాల్ చేస్తాను. నంబరు మారిస్తే మళ్లీ మొదటికొస్తుంది.

యాప్‌లో హాజరు, ఫీజు, మార్కులు అన్నీ పొందిగ్గా ఉంటాయి. పట్నంలో, ఇంట్లో ఇద్దరికీ మంచి ఫోన్లుంటే పర్లేదు. మా దగ్గర ఫోన్లలో స్టోరేజ్ ఫుల్, లాగిన్ ఓటీపీ లారీ మీదున్న నాన్నకి పోతుంది. వాట్సాప్ అంటే ఆ తంటా లేదు, 2025లో ప్రభుత్వ వాట్సాప్ సేవ మనమిత్ర వచ్చాక పదో తరగతి ఫలితాలు కూడా అందులోనే చూసుకున్నారు.

ఎస్సెమ్మెస్‌లో తెలుగైతే 70 అక్షరాలే, ఇంగ్లిషుకి 160. అదీ గుణింతాలూ ఒత్తులూ విడివిడిగా లెక్క, 'తల్లిదండ్రులకు' అన్న ఒక్క మాటకే 14 పోతాయి. సెలవు కబురుకి చాలు. డైరీ సంగతి తెలిసిందే, సంతకం పిల్లలే పెట్టేస్తారు.

లిస్టు పెట్టేవాళ్లకి ఒక మాట. పగలు పంపొద్దు, ఫోను నాన్న జేబులో ఉంటుంది. నేను రాత్రి ఏడున్నరకి పంపుతాను. పది దాకా బదులొస్తూనే ఉంటాయి. తొమ్మిది తర్వాత వచ్చినవాటికి పొద్దున్నే చెబుతానని మొదటి వాయిస్‌లోనే చెప్పేశాను, ఎవరూ తప్పు పట్టలేదు.