డాలస్ దాటి గైన్స్‌విల్ దాకా: తక్కువ ఖర్చులో పైలట్ లైసెన్స్

విమానం నేర్చుకోవాలనుకునే మనవాళ్లు ముందు అడిగేది గంటకి ఎంత అని. నా అనుభవంలో ఆ రేటు కన్నా ముఖ్యం, ఇంజన్ తిరిగే నిమిషాలు ఎక్కడ ఖర్చవుతున్నాయన్నది. డాలస్ చుట్టుపక్కల డెంటన్, మెకిన్నీ, గైన్స్‌విల్ మూడూ తిరిగి చూసి, చివరికి గైన్స్‌విల్‌లో ప్రైవేట్ పైలట్ లైసెన్స్ పూర్తి చేశాను.

మొదట చేరింది ఇంటికి దగ్గర్లో, కంట్రోల్ టవర్ ఉన్న ఎయిర్‌పోర్టులో. కొత్త సెస్నా 172 ట్రైనింగ్ విమానాలు, ఏసీ క్లాస్‌రూములు, అన్నీ బాగున్నాయి. కానీ అక్కడ అద్దె హాబ్స్ మీటర్ లెక్కన. ఇంజన్ స్టార్ట్ చేసిన దగ్గర్నుంచి అది తిరుగుతూనే ఉంటుంది, రన్‌వే ముందు క్యూలో ఆగినా సరే. అద్దె, ఇన్‌స్ట్రక్టర్ ఫీజు కలిపి గంటకి 240 డాలర్లు. పావుగంట క్యూ అంటే 60 డాలర్లు నేల మీదే అయిపోయాయి. పైగా వారానికి ఒక్క క్లాసు, అదీ గాలి ఎక్కువైతే రద్దు. మళ్లీ వెళ్లేసరికి సగం మర్చిపోయి, నేర్చుకున్నదానికే మళ్లీ డబ్బు కట్టాలి.

గైన్స్‌విల్ ఐ-35 హైవే మీద ఉత్తరానికి వెళ్తే ఓక్లహోమా సరిహద్దుకి ముందు వచ్చే చిన్న ఊరు. అక్కడ టవర్ లేదు. ఎవరెక్కడున్నారో పైలట్లే రేడియోలో చెప్పుకుంటారు. చెకింగులు కాగానే నేరుగా రన్‌వే మీదకి వెళ్లొచ్చు. నాకు దొరికింది పాత సెస్నా 150, గంటకి 115 డాలర్లు, అదీ ట్యాక్ మీటర్ లెక్కన. ఇంజన్ నెమ్మదిగా తిరిగితే ఆ మీటరూ నెమ్మదిగానే తిరుగుతుంది. రెండే సీట్లు. ఇద్దరూ కాస్త బరువైనవాళ్లయితే ట్యాంక్ నిండా ఇంధనం పోయించడం కుదరదు. ఇన్‌స్ట్రక్టర్ రిటైరైన పెద్దాయన, గంటకి 60 తీసుకునేవారు. నేల మీద చెప్పే పాఠాలకి తొందరపడేవారు కాదు. ఆయన దగ్గర నేర్చుకోవడం నా అదృష్టం.

సెలవులు కలిసొచ్చినప్పుడు వరుసగా కొన్ని రోజులు హైవే పక్క మోటెల్‌లో ఉండేవాణ్ణి. ఫ్రిజ్, మైక్రోవేవ్ ఉన్న గదే తీసుకోండి. పులిహోర, పెరుగన్నం పట్టుకెళ్తే తిండి ఖర్చు దాదాపు ఉండదు. శాకాహారులకి అక్కడ హోటళ్లలో పెద్దగా ఏమీ దొరకదు. గది అద్దె పోయినా వరుస క్లాసుల వల్ల మొత్తం మీద మిగిలింది. ఎండాకాలంలో తెల్లవారుజామునే వెళ్లాలి. వేడి గాలిలో ఆ చిన్న ఇంజన్ పైకెక్కడానికి చాలా కష్టపడుతుంది.

పొద్దున్నే రెక్క కింది వాల్వ్ నొక్కి, కొంచెం ఇంధనం గొట్టంలోకి పట్టి వెలుతురుకి ఎత్తి చూస్తాం. అది లేత నీలం రంగులో ఉంటుంది. నీళ్లు కలిస్తే అడుగున విడిగా కనిపిస్తాయి. రాత్రి ప్రాక్టీసులో విమానం రేడియో మైక్ బటన్ ఐదు సెకన్లలో ఏడుసార్లు నొక్కితే, చీకట్లో రన్‌వే దీపాలన్నీ ఒక్కసారిగా వెలుగుతాయి. మొదటిసారి చూసినప్పుడు నాకు మాట రాలేదు.

డెంటన్ లాంటి టవర్ ఉన్న ఎయిర్‌పోర్టుని పూర్తిగా వదిలేయడం మాత్రం కుదరదు. అలాంటి చోట ఒంటరిగా మూడు ల్యాండింగులు చెయ్యాలని రూలు. టవర్‌తో మాట్లాడటం అంటే టెన్షన్ పడేవాళ్లు ముందుగా ఇన్‌స్ట్రక్టర్‌తో వెళ్లి అలవాటు చేసుకోవాలి.

వీసా మీద ఉన్నవాళ్లకి, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకి కూడా ట్రైనింగ్ మొదలుపెట్టే ముందు టీఎస్ఏ (అమెరికా రవాణా భద్రతా సంస్థ) క్లియరెన్స్ తప్పనిసరి. ఫీజు 140 డాలర్లు. మెడికల్ టెస్ట్ కూడా మొదట్లోనే చేయించుకోండి. డబ్బంతా కట్టాక ఆరోగ్య సమస్య బయటపడితే చాలా బాధ. పుస్తకాలు కొనక్కర్లేదు, ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన సంస్థ) హ్యాండ్‌బుక్‌లు వాళ్ల వెబ్‌సైట్లో ఉచితం. పెద్ద మొత్తం ముందే కట్టమనే స్కూళ్లకి దూరంగా ఉండండి, డిస్కౌంట్ ఎంత ఇచ్చినా.

రూలు ప్రకారం కనీసం 40 గంటలు ఎగరాలి. చాలామందికి 60, 70 పడుతుంది. కాబట్టి 10 నుంచి 12 వేల డాలర్లు చేతిలో ఉంచుకునే మొదలుపెట్టండి. ఫైనల్ టెస్టుకి ఎగ్జామినర్లు తొందరగా దొరకరు. ఒంటరిగా దూరప్రయాణాలు మొదలైన రోజుల్లోనే తేదీ అడిగి పెట్టుకోండి. ఆలస్యమైతే, చెయ్యి మరవకుండా ఉండటానికి మళ్లీ అద్దె కట్టి ఎగరాల్సి వస్తుంది.