సెకండ్ హ్యాండ్ .22 పిస్టల్ కొనేవాళ్ళు జాగ్రత్త: రేంజ్‌లో చూపించే గ్రూప్ చూసి అడ్వాన్స్ ఇవ్వకండి

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు నుంచి 25 మీటర్ల పిస్టల్ షూటింగ్ పోటీలు ఆడేవాళ్ళు, ముఖ్యంగా లైసెన్స్ ఇప్పుడిప్పుడే చేతికొచ్చి సెకండ్ హ్యాండ్‌లో .22 (చిన్న సైజు తూటా) పిస్టల్ వెతుకుతున్నవాళ్ళు ఇది చదవండి. ఒకతను మన జిల్లాల కుర్రాళ్ళనే చూసుకుని బేరాలు పెడుతున్నాడు. పేరు రాయను, ఫిర్యాదు ఇచ్చాను కాబట్టి అది అక్కడ తేలుతుంది. ఎట్లా చేస్తున్నాడో మాత్రం చెప్తాను.

"రేంజ్‌కి రా తమ్ముడూ, రెండు గన్‌లు పక్కపక్కన పెట్టి కొట్టి చూసుకో, నచ్చితేనే మాట్లాడుకుందాం" అంటాడు. వినడానికి ఎంత న్యాయంగా ఉందో! ఒకటి పాత వాల్తర్ జీఎస్పీ, రెండోది పార్దిని ఎస్పీ. రెండూ మంచి గన్‌లే, తయారుచేసినవాళ్ళని అనేదేం లేదు. అతను అమ్మాలనుకున్నది పార్దిని. దాంతో కొడితే నా జీవితంలో చూడనంత చక్కటి గ్రూప్ వచ్చింది, అంటే టార్గెట్ మీద చిల్లులన్నీ దగ్గరదగ్గరగా పడ్డాయి, జీఎస్పీతో కొడితే చెల్లాచెదురు. మ్యాగజైన్లు రెండూ అతనే నింపి చేతికిచ్చాడు. పార్దినిలో ఖరీదైన మ్యాచ్ తూటాలు, జీఎస్పీలో ప్రాక్టీస్ సరుకు అని తర్వాత తెలిసింది. .22లో ఒక్కో బ్యారెల్‌కి ఒక్కో లాట్ (ఒకే విడతలో తయారైన తూటాలు) పడుతుంది కాబట్టి, పోల్చాలంటే ముందు రెండింట్లోనూ ఒకే పెట్టెలోవి కొట్టాలి, ఆ తర్వాతే లాట్లు మార్చి చూడాలి. అయినా 25 మీటర్లలో తూటాల తేడా కొంతే. అసలు మోసం ట్రిగ్గర్‌లో ఉంది.

మన ఈవెంట్‌లో ట్రిగ్గర్ కనీసం 1000 గ్రాములు ఆగాలి, అంటే అంత బరువు తగిలించినా పేలకూడదు. ఎయిర్ పిస్టల్‌కైతే 500. అతను ఆ పార్దినిని బాగా తగ్గించి పెట్టాడు, వేలు తాకితే చాలు పేలుతుంది, చేయి కదిలేలోపే గుండు వెళ్ళిపోతుంది, ఇక గ్రూప్ రాక ఏమవుతుంది? జీఎస్పీని మాత్రం బిగించి ఉంచాడు. తర్వాత మా సీనియర్ అన్న ఒకాయన కిలో బరువు ట్రిగ్గర్‌కి తగిలించి, బ్యారెల్ నిలువుగా పెట్టి పైకెత్తితే ఆగలేదు. స్క్రూ తిప్పి సరిచేద్దామన్నా నిలబడట్లేదు, లోపల ఎవరో అరగదీసినట్టున్నారు. దీన్ని పట్టుకుని పోటీకి వెళ్తే ఎక్విప్‌మెంట్ కంట్రోల్ (పోటీకి ముందు గన్‌లు తనిఖీ చేసే చోటు) దగ్గరే ఆపేస్తారు.

ఇంకోటి. అప్పుడప్పుడూ తూటా పేలట్లేదు. "తూటాలు పాతవి తమ్ముడూ" అన్నాడు. .22 లాంటి రిమ్‌ఫైర్ తూటాల్లో పేల్చే మందు తూటా అడుగు అంచులో ఉంటుంది, పిన్ను కొట్టేది ఆ అంచునే. లోపల ఏమీ పెట్టకుండా ఊరికే నొక్కుతూ పోతే ఆ దెబ్బ చాంబర్ (తూటా కూర్చునే గది) అంచుకి తగిలి నొక్కు పడొచ్చు. టార్చ్ వేసి చూస్తే సరిగ్గా ఆ నొక్కు కనపడింది. మన ఒంగోలు గిత్తని బేరమాడేటప్పుడు నోరు తెరిచి పళ్ళు చూడకుండా ఎవరైనా డబ్బిస్తారా? బోల్ట్ వెనక్కి లాగి చాంబర్ అంచు చూడండి, పేలని తూటా పారేయకుండా దాని అంచు మీద పిన్ను గుర్తు ఎంత లోతుగా పడిందో కూడా చూడండి. మన పోటీలో మూడు సెకన్లలో ఒక గుండు కొట్టాల్సిన ర్యాపిడ్ భాగంలో పేలని తూటా అంటే ఎంత టెన్షనో ఆడినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

డబ్బు సంగతి. "రేపు విజయవాడ నుంచి ఇంకొకరు వస్తున్నారు" అని తొందరపెట్టి యాభై వేలు అడ్వాన్స్ తీసుకున్నాడు, ఈ లోపాలు చూపించి వెనక్కి అడిగితే ఫోన్ ఎత్తడం మానేశాడు. ఈ తొందరకి అర్థమే లేదు. ఆయుధాల చట్టం 1959 ప్రకారం లైసెన్స్ ఉన్నాయన ఇంకో లైసెన్స్ ఉన్నాయనకి అమ్మాలంటే ముందు జిల్లా మేజిస్ట్రేట్‌కో దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కో రాతపూర్వకంగా తెలియజేసి, ఆ తర్వాత 45 రోజులు ఆగాలి. ఎవరొచ్చినా రేపటికి రేపు తీసుకెళ్ళేది లేదు. ఆ 45 రోజుల్లో తెలిసినవాళ్ళని తీసుకెళ్ళి నిదానంగా చూసుకోండి. చూడనివ్వనంటే ఆ బేరం అక్కడితో వదిలేయండి.

నాతో ఇంకో మాట కూడా అన్నాడు: "కాగితాలు తర్వాత చూసుకుందాం, గన్ ఇప్పుడే తీసుకెళ్ళు". అట్లా తెచ్చుకుంటే కేసు మన మీద పడుతుంది, జైలు దాకా పోయే వ్యవహారం, లైసెన్స్ కూడా పోతుంది. అతని లైసెన్స్‌లో రాసిన నంబరూ గన్ మీద కొట్టిన నంబరూ ఒకటేనా అని చూసుకోకుండా రూపాయి కూడా ఇవ్వొద్దు.

అదే గన్ మళ్ళీ అమ్మకానికి వస్తుంది, అనుమానం లేదు. గుర్తులు చెప్తున్నా: కుడిచేతి వాటం చెక్క గ్రిప్, బొటనవేలు ఆనే చోట గోధుమరంగు పుట్టీ పూసి గీకిన మచ్చ, అరచేతి కింది పట్టీ స్క్రూ తల అరిగిపోయి ఉంటుంది. ఎవరికైనా చూపిస్తే నాకు మెసేజ్ పెట్టండి, ఫిర్యాదు కాపీ పంపుతాను.