గ్రో లైటు తీసుకోవచ్చు, టైమర్ వద్దు: రెఫ్యూజియం లైటు సమీక్ష

ఉప్పునీటి చేపల ట్యాంకు కింద సంప్‌లో (నీళ్లు శుభ్రపడే రెండో తొట్టిలో) రెఫ్యూజియం అనే గది పెట్టి, అందులో కీటోమార్ఫా (కీటో; నీళ్లలోని నైట్రేట్, ఫాస్ఫేట్‌ని పీల్చుకునే దారాల్లాంటి నాచు) పెంచేవాళ్ల కోసం ఆన్‌లైన్‌లో జంటగా అమ్ముతున్న సరుకు ఇది: 50 వాట్ల ఎరుపు, నీలం ఎల్ఈడీ ఫ్లడ్ లైటు, దాంతోపాటు చుట్టూ పిన్నులుండే 24 గంటల టైమర్. లైటుకి ఐదుకి నాలుగు మార్కులు ఇవ్వొచ్చు. టైమర్ మాత్రం మన అమలాపురం, రాజోలు పల్లెల కరెంటుకి పనికిరాదు.

ముందు దాని సంగతే చెప్పాలి. లోపల ఉన్నది మెయిన్స్ మీద తిరిగే చిన్న మోటారు, బ్యాటరీ లేదు. కరెంటు పోగానే చక్రం ఆగుతుంది, వచ్చాక ఆగినచోటి నుంచే కదులుతుంది. రోజుకి నలభై నిమిషాలు కరెంటు పోయిందనుకోండి, తొమ్మిది రోజుల్లో ఆరు గంటలు వెనకబడుతుంది. రాత్రి 8కి వెలగాల్సిన లైటు 2కి వెలిగి, పొద్దున 10కి ఆరాల్సింది సాయంత్రం 4 దాకా ఉంటుంది. నాచు ఎప్పటిలాగే పెరుగుతుంది కాబట్టి ఇది చాలామంది కంట పడదు. దెబ్బ పడేది పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార స్థాయి) మీద.

రొయ్యల చెరువు చేసేవాళ్లకి ఇది విడమరచి చెప్పక్కర్లేదు. తెల్లారుజామున చెరువు పీహెచ్ దిగుతుంది, మధ్యాహ్నానికి ఎక్కుతుంది. వెలుతురున్నంతసేపూ నాచు నీళ్లలోని, పీహెచ్‌ని దించే కార్బన్ డయాక్సైడ్‌ని వాడేసుకుంటుంది. చీకటి పడితే చేపలతోపాటు నాచు కూడా దాన్ని వదులుతుంది. ట్యాంకులోనూ అంతే. డిస్‌ప్లే (పైన చేపలుండే ట్యాంకు) లైట్లు ఆరే వేళకి రెఫ్యూజియం వెలిగితే, రాత్రి పడిపోయే పీహెచ్‌ని కీటో కొంతవరకు నిలబెడుతుంది. రెండూ కలిసి వెలిగి కలిసి ఆరితే ఆ ఉపయోగం పోతుంది. ఎండాకాలంలో వేడి లెక్క కూడా ఉంది: డిస్‌ప్లే లైట్లు, పంపులు పగలంతా నీళ్లని కాచేది చాలక, మూసిన క్యాబినెట్లో మరో 50 వాట్లు ఎందుకు?

కాబట్టి బ్యాటరీ ఉన్న డిజిటల్ ప్లగ్ టైమర్ విడిగా కొనుక్కోండి. టైం పెట్టి, సాకెట్ నుంచి పీకి, కాసేపాగి మళ్లీ పెట్టి చూస్తే బ్యాటరీ సంగతి తేలిపోతుంది. ఆటో మోడ్‌లోనే ఉంచాలి; రాండమ్ అనే మోడ్ (తోచిన వేళల్లో వెలిగించి ఆర్పేది) ఉంటే తీసేయాలి. ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో ఆ లైను రిటర్న్ పంపుకీ (సంప్ నీళ్లని పైకి తోడేది) వేవ్‌మేకర్‌కీ (ట్యాంకు నీళ్లని కదిపేది) వదిలేయండి. గంటసేపు లైటు లేకపోయినా కీటోకి ఏమీ కాదు.

డిస్‌ప్లే పగలు 11 నుంచి రాత్రి 8 దాకా అయితే, రెఫ్యూజియం రాత్రి 8 నుంచి పొద్దున 10 దాకా, అంటే 14 గంటలు. మొదటి రోజు నుంచే అంత ఇవ్వొద్దు. మొదటి వారం రాత్రి 10 నుంచి 6 దాకా ఎనిమిది గంటలు చాలు, తర్వాత వారానికి రెండు గంటలు పెంచుకుంటూ పోవాలి. నైట్రేట్ పూర్తిగా సున్నాకి పడితే కీటో తెల్లబడి, పోగులు తెగి, రిటర్న్ పంపు జాలీకి చుట్టుకుంటుంది. అప్పుడు చాలామంది లైటు ఇంకా పెంచుతారు, అది తప్పు. గంటలు ఎనిమిదికి దించి, మేత కొంచెం పెంచాలి. నైట్రేట్ 2 నుంచి 5 పీపీఎం మధ్య ఉంటే చాలు. నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ ఉండి కూడా పాలిపోతుంటే ఐరన్ తక్కువైందేమో చూసుకోండి.

ఇక లైటు. నీటిమట్టానికి 20 నుంచి 25 సెంటీమీటర్ల ఎత్తులో కడితే 30 సెంటీమీటర్ల గదికి వెలుతురు సరిగ్గా సరిపోతుంది. ఇంకా కిందికి దించితే పైపొర మాడుతుంది, కింది పొరకి వెలుతురందక కుళ్లుతుంది. ముద్దని వారానికోసారి తిరగేసి, గది నిండినప్పుడు మూడో వంతు తీసి పారేయాలి. కరెంటు ఖర్చు 14 గంటలకి 0.7 యూనిట్, నెలకి 21 యూనిట్లు.

ఒక మార్కు తగ్గించింది స్టాండు మరల వల్ల. అవి స్టెయిన్‌లెస్ కావు. ఉప్పు తుంపరకి తుప్పు పట్టి, ఆ తుప్పు నీళ్లలో రాలుతుంది. బిగించేటప్పుడే స్టీలు మరలు వేసుకోండి. వైరు నేరుగా సాకెట్లోకి వెళ్లకూడదు. కిందికి ఒక వంపు వేలాడాలి, వైరు మీద జారిన నీటిబొట్టు ఆ వంపు దగ్గరే రాలిపోవాలి. టైమర్ క్యాబినెట్ బయటే ఉండాలి. 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) లేకుండా సంప్ దగ్గర ఏ లైటూ పెట్టొద్దు.

ఇంకో ఇబ్బంది, ఈ గులాబీ వెలుతురులో కీటో నల్లగా కనిపిస్తుంది. తెల్లబడుతోందో లేదో అందులో తెలియదు, తెల్ల టార్చి వేసి చూడాలి. ఆరోగ్యంగా ఉన్న పోగు ముదురాకుపచ్చగా, వేళ్ల మధ్య నలిపితే నైలాన్ దారంలా గట్టిగా ఉంటుంది.

కీటో బదులు కాలెర్పా అనే మరో నాచు వేసినవాళ్లు ఈ వేళల్ని అలాగే వాడొద్దు. అది ఒక్కోసారి రాత్రికి రాత్రే సంతానోత్పత్తికి దిగి, ఒళ్లంతా తెల్లబడి, నీళ్లని పాలలా చేసి, పీల్చి దాచుకున్న నైట్రేట్, ఫాస్ఫేట్ అంతా నీళ్లలోకి వదిలేస్తుంది. అలా జరగకుండా కొందరు రోజంతా ఆర్పకుండా లైటు ఉంచుతారు. అప్పుడు టైమర్‌తో పనే లేదు, కానీ ఆ 24 గంటల వేడికి క్యాబినెట్ తలుపు తీసే ఉంచాలి.